మూటగుడ్డల బొంత

నేను ఒక బొంతను. అదేమిటి, అప్పుడే ముక్కు మూసుకుంటున్నారు? ఉతికిన బొంతనే లెండి, నిన్ననే ఎండలో ఆరాను, దగ్గరికి రండి. నా ఒంటి మీద ఒక పిండి సంచి ముక్క ఉంది. పక్కనే ఎవరిదో పంచె అంచు ఉంది. ఆ కింద ఎవరింటి కిటికీ తెరో, పూలతో సహా ఉంది. ఇన్ని ఇళ్ల గుడ్డలు ఒకే ఒంటి మీద మోసేదాన్ని మీరెక్కడా చూసి ఉండరు. ఆ గర్వం నాకు కొంచెం ఉంది, దాచుకోను.

నేను పుట్టింది ఆదోనిలో, దూది మిల్లుల వెనక సందులో, ఉరుకుందమ్మ వాకిట్లో. ఉరుకుందమ్మ బొంతలు కుడుతుంది. పాతబడిన చీరలు, పంచెలు, దుప్పట్లు మూటగట్టి ఇస్తే వాటిని అతికి, పొరలు పేర్చి, కుట్టి, మెత్తటి బొంత చేసి ఇస్తుంది. ఆ పనిలో ఆమెకు సాటి లేదు. ఆమెకున్న రోగమల్లా ఒక్కటే, ఒకటి పూర్తి కాకముందే ఇంకోటి మొదలుపెడుతుంది. మూడు నాలుగు బొంతలు ఒకేసారి చేతిలో లేకపోతే ఆమెకు తోచదు. పొద్దున కళ్లు చురుగ్గా ఉన్నప్పుడు ఒకదానికి పైముక్కలు అతుకుతుంది. ఎండెక్కాక దాన్ని చుట్టి పక్కన పెట్టి ఇంకోదానికి లోపలి పొరలు పరుస్తుంది. సాయంత్రం ఆడవాళ్లు వాకిట్లో చేరి కబుర్లు మొదలుపెడితే మరొకటి ఒళ్లోకి వస్తుంది. అంచు కుట్టడానికి కళ్లతో అంత పనిలేదు కదా, చెవులను కబుర్లకు ఇచ్చేయవచ్చు.

"ఒగటి ముగించి ఇంగోటి పట్టుకోరాదా అక్కా?" అని ఎదురింటి రహమత్‌బీ సతాయించేది.

"నువ్వేమన్నా దినామూ ఒగటే కూర తింటావేమే?" అనేది ఉరుకుందమ్మ, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

ఆ బొంతల మధ్య దొరికే కాస్త తీరికలో పెరిగినదాన్ని నేను. నేను ఎవరో కుట్టమన్న బొంతను కాదు, ఉరుకుందమ్మ సొంత బొంతను. ఆ సందులో ఒక పద్ధతి ఉండేది. మూటలో ఉన్న గుడ్డలన్నీ ఇచ్చినవాళ్ల బొంతలోకే పోవాలి, ఒక్క పేలిక కూడా పక్కకు పోకూడదు. మూట కట్టిన పైగుడ్డ మాత్రం కుట్టే మనిషిది. దీన్ని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఇల్లంతా గాలించి, అన్నిటికన్నా పనికిమాలిన గుడ్డ ఏదో చూసి మరీ దాంట్లో మూట కట్టి తెచ్చేవాళ్లు. మనుషుల ధర్మబుద్ధి గురించి నాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. చిల్లులు పడినవి, నూనె మరకలవి, ఎలుక కొరికినవి, అన్నీ నాకే వచ్చాయి. అయినా ఉరుకుందమ్మ వాటిలో బాగున్న మేర చూసి కత్తిరించి, రంగు పక్కన రంగు కుదిర్చి నన్ను పెంచింది. ఏళ్లు పట్టింది. ఇతర బొంతలు వచ్చేవి, నాకన్నా ముందే పూర్తయ్యేవి, దర్జాగా వెళ్లిపోయేవి. నేను మేకుకు వేలాడుతూ చూసేదాన్ని. అసూయ పడలేదంటే అబద్ధం.

అలాంటి రోజుల్లో భాగ్య వచ్చింది. బళ్లారి వైపు పిల్ల, ఆ సందులోకి కొత్తగా కాపురానికి వచ్చింది. నిండు చూలాలు.

"పెద్దమ్మా, పుట్టే బిడ్డకి బొంత కావల్ల" అని మూట దించింది.

ఆ వేళ ఉరుకుందమ్మ ముందు మూడు బొంతలు పరిచి ఉన్నాయి, పళ్ల మధ్య దారం ఉంది. మామూలుగా అయితే మనిషిని కూర్చోబెట్టి, ఒక్కో గుడ్డా తీయించి, ఇది ఎవరిది, అది ఎప్పుడు కట్టుకున్నది అని ఆరా తీసి గాని వదలదు. ఆ రోజు మాత్రం తలెత్తకుండా "ఆడ పెట్టి పో తల్లీ" అంది.

మూటలో మొగుడి లుంగీలు, రెండు దుప్పట్లు ఉన్నాయి. పైన కట్టింది మాత్రం ఆకుపచ్చ గళ్ల నూలు చీర. అబ్బ, ఎంత మెత్తన! నా జన్మలో అలాంటి మూటగుడ్డ రాలేదు. ఉరుకుందమ్మ దాన్ని చెంపకు ఆనించుకుని "ఈ పిల్లది ఎంత పెద్ద మనసు!" అని మురిసిపోయింది. చీర బాగా పలచబడింది, ముక్కలు కోస్తే నిలవదు. అందుకని కోయకుండా మడిచి నాకు లోపలి పొరగా పరిచింది. ఆ సంబరంలో మిగతా బొంతలన్నీ పక్కన పడేసి, నన్ను ఈ చివర నుంచి ఆ చివర దాకా దగ్గర దగ్గర కుట్లతో కుట్టేసింది. నాకు కడుపు నిండింది.

తర్వాత భాగ్య బొంత కూడా తయారైంది. తీసుకోవడానికి వచ్చిన పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ముఖం మారింది.

"పెద్దమ్మా, పచ్చ చీర యాడుండాది?"

"ఏ పచ్చ చీర?"

"మూట కట్టుకోనొస్తి గదా, అది. మా అమ్మది."

ఉరుకుందమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

భాగ్య తల్లి పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆమె బట్టలన్నీ ఎవరెవరికో ఇచ్చేయగా కూతురికి దక్కింది ఆ ఒక్క చీర. పుట్టిన బిడ్డను మొట్టమొదట అమ్మమ్మ చీర మీదే పడుకోబెట్టాలని ఆ పిల్ల ఆశ. అందుకే దాన్ని అన్నిటికన్నా పైన పెట్టి, మిగతావాటిని అందులో మూట కట్టింది. ఈ సందు పద్ధతి ఆమెకు ఎవరు చెప్పారు? ఉరుకుందమ్మ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"నాకుండేది అదొగటే గదా పెద్దమ్మా!" అని భాగ్య వాకిట్లోనే కూలబడి ఏడ్చింది.

ఉరుకుందమ్మ నన్ను గబగబా మేకు మీద నుంచి దించింది. "ఇదో, దీన్లో ఉండాది. ఇప్పుడే కుట్లు ఇప్పి ఇస్తా. ఏడవాకు తల్లీ, ఒట్టి మనిషివి గూడా కాదు" అంటూ చాప మీద పరిచి బ్లేడు అందుకుంది. నిజం చెప్పనా? నా పని అయిపోయిందనుకున్నాను. ఇన్నేళ్లకు ఒక రూపు వచ్చాక మళ్లీ పేలికల కుప్ప కావడమా అని ప్రాణం ఉసూరుమంది. కానీ ఆ పిల్ల ఏడుపు వింటుంటే, పోనీలే, విప్పితే విప్పనీ అనిపించింది.

ఒక మూలన జానెడు మేర కుట్లు తెంపి దారం లాగింది. దారంతో పాటు చీర కూడా చర్రున చిరిగింది. ఊపిరి బిగబట్టి, ఇంకా మెల్లగా లాగింది. మళ్లీ చిరిగింది. నా కుట్లే ఆ చీరను పట్టి ఉంచాయి గాని, విడిగా తీస్తే నిలిచే గుడ్డ కాదది. అంతటి పనిమంతురాలు కళ్లు తుడుచుకుని మళ్లీ బ్లేడు ఆనించబోతే, భాగ్య ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు పెద్దమ్మా. మా అమ్మని సింపొద్దు."

తర్వాత ఉరుకుందమ్మ కత్తెర తెచ్చింది. నా నడుమ, పూల తెర ముక్క దగ్గర, పైపొరను మాత్రం చీరకు తగలకుండా కోసి తీసేసింది. కోసిన అంచులను లోపలికి మడిచి చుట్టూ సన్నగా కుట్టింది. బయటపడ్డ చీర కదలకుండా కింది పొరకు మళ్లీ చిన్న చిన్న కుట్లు వేసింది. నా మధ్యలో కిటికీ తెరిచినట్టు పచ్చ గళ్లు కనిపించాయి. భాగ్య ఆ గళ్ల మీద వేళ్లు ఆనించి చాలాసేపు తియ్యలేదు.

"ఇంగ ఇది నీదే. తీస్కపో."

"నువ్వు కప్పుకునేది గదా పెద్దమ్మా?"

"నాకేమే, రేపు ఇంగోటి మొదలుపెడ్తా. నా చేతికి బొంతలు కరువా?"

నవ్వుతూనే అంది. కానీ నన్ను మడిచేటప్పుడు రెండు చేతులతో ఒకసారి గట్టిగా అదిమింది. ఎవరికీ అక్కర్లేని గుడ్డలను ఏరి నన్ను చేసిన చేతులవి. వాటికి నా దండం. ఎలుక కొరికిన గుడ్డలిచ్చిన వాళ్లకూ దండమే, వాళ్లు అంత పిసినారులు కాకపోతే నేనే లేను.

భాగ్యకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు మొదటి నీళ్లు పోసింది ఉరుకుందమ్మే. నన్ను పరిచి, బిడ్డను తెచ్చి సరిగ్గా ఆ పచ్చ గళ్ల మీద పడుకోబెట్టింది. గుప్పెడంత మనిషి, నా మీద బరువే తెలియలేదు. అంతా చుట్టూ చేరి ముక్కు ఎవరిది, నుదురు ఎవరిది అని వాదులాడుతుండగానే, వెచ్చగా, ధారాళంగా తడిపేసింది.

"అయ్యో అయ్యో" అంటూ రహమత్‌బీ బిడ్డను ఎత్తబోయింది. భాగ్య ఆపింది. ముందుకు వంగి, తడిసిన చీర మీద అరచెయ్యి పెట్టింది. నవ్వుతోంది, కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

"అమ్మా, సూడు" అంది. "నీ మనమరాలు వచ్చింది. వచ్చీ రాంగానే నిన్నే తడిపేసె, సూడమ్మా."

ఆ మాట నాతో అన్నది కాదు. నేను కదలకుండా పడుకుని, ఆ తడిని లోపలి దాకా పీల్చుకున్నాను.