మూడు మెయిల్స్ ఎక్కడికి పోయాయి

కుక్కర్ మూత బిగిస్తుంటే ఫోన్ మోగింది.

“మేడమ్, శిక్షణ సంస్థ నుంచి. మీకు మూడు మెయిల్స్ పంపాం, జవాబే లేదు. చేరుతున్నారా లేదా? రేపటితో గడువు అయిపోతుంది.”

“నేను సెలెక్ట్ అయ్యానా?”

“నెల దాటింది కదండీ!” అందామె.

ఆఫీసులో నన్ను పోస్టమ్మ అంటారు. నా ఉద్యోగం ఫైళ్లు చూడటమే అయినా, ఎవరి మెయిల్ ఎవరికి అందకపోయినా నా బల్ల దగ్గరికే వస్తారు. అడ్రసులో ఒక అక్షరం తప్పు, అవతలివాళ్ల మెయిల్‌బాక్స్ నిండిపోవడం, స్పామ్‌లో పడటం, సగానికి సగం ఇవే. పదేళ్లుగా చేస్తున్న ఈ పని నా జీతంలో లేదు, హోదాలో లేదు. “మా సెక్షన్ చూసుకుంటుంది” అని పై అధికారి మాత్రం గొప్పగా చెప్పుకుంటాడు. అందుకే వేరే ఊళ్లో జరిగే ఆ ఆరు నెలల కంప్యూటర్ శిక్షణకి దరఖాస్తు పెట్టుకున్నాను. కబురు రాకపోతే, నాకెవరిస్తారులే అనుకున్నాను. అందరి మెయిల్సూ వెతికిపెట్టేదాన్ని, నావి వెతుక్కోవాలని తోచనేలేదు.

స్టవ్ ఆపి కూర్చున్నాను. ఇన్‌బాక్స్‌లో లేవు. స్పామ్‌లో లేవు. సెట్టింగ్స్‌లో నేను పెట్టని రూలు ఒకటి కనిపించింది. ఆ సంస్థ నుంచి ఏది వచ్చినా నేరుగా ట్రాష్‌లోకి పోవాలని. ట్రాష్ తెరిచి చూశాను. మొదటిది నెల దాటడంతో దానంతటదే చెరిగిపోయింది. మిగతా రెండూ ఉన్నాయి.

ఈ ఖాతా తెరిచి పాస్‌వర్డ్ పెట్టింది మా ఆయనే. “నీకెందుకీ తలనొప్పి, నేను చూసుకుంటాగా” అన్నాడు. ప్రేమనుకున్నాను.

ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. ఫోన్ చూపించాను.

“ఇది మీరు పెట్టారా?”

అబద్ధమాడతాడనుకున్నాను. ఆడలేదు.

“నేనే. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పిల్లకి పరీక్షలు. ఆ మెయిల్ చూస్తే నువ్వు ఎటూ తేల్చుకోలేక నలిగిపోతావని.”

హాల్లోంచి అత్తయ్య అందుకుంది. “వాడు నీ మంచికే చేశాడమ్మా. పొద్దున్నే రాద్ధాంతమెందుకు?”

అంటే ఆవిడకీ తెలుసు. నెల రోజులుగా నేను మోకాళ్లకి నూనె రాస్తుంటే, “ఇంకా కబురు రాలేదా?” అని అడిగింది కూడా. సెలెక్ట్ కానట్టుందని నేను చెప్పిన రోజున ఈయన నా తల నిమిరి, “పోనీలే, వచ్చే ఏడాది చూద్దాం” అన్నాడు. రూలు పెట్టినందుకు కాదు, ఆ నిమరడానికి నాకు ఒళ్లు మండింది.

భోజనాల బల్ల దగ్గర కూర్చుని రూలు తీసేశాను. పాస్‌వర్డ్ మార్చాను. ‘చేరుతున్నాను’ అని రాసి పంపించి, అందిందో లేదో ఆమెకి ఫోన్ చేసి కనుక్కున్నాను.

సగం గీసిన గడ్డంతో ఆయన నా వెనకే నిలబడ్డాడు.

“ఇంత పెద్ద విషయం, ఇంట్లో ఒక్క మాటైనా అడగవా?”

“మీరు నన్ను అడిగుంటే, నేనే మానేసేదాన్ని” అన్నాను.