పద్దెనిమిదని రాసిన చెయ్యి

కుట్టు టీచరమ్మకు దేవుడంటే భయం కన్నా చనువెక్కువ. పొద్దున్నే దణ్ణం పెట్టుకునేటప్పుడు కోరికలు కోరదు, కబుర్లు చెబుతుంది. మిషను బెల్టు తెగిందనీ, ఇంటాయన మోకాలు నొప్పి తగ్గలేదనీ, కేంద్రానికి నిన్న ఇద్దరు పిల్లలు రాలేదనీ చెప్పుకున్నాకే పొయ్యి ముట్టిస్తుంది.

"ఆయన్ని కాస్త ఊపిరి పీల్చుకోనియ్యవే. నీ ఒక్కదాని మాటలు వినేసరికే ఆయనకు తెల్లారిపోతోంది" అంటాడు ఇంటాయన.

పాత ధాన్యం గోదాము వెనక గదిలో బాలికల కేంద్రం. ఇరవై మూడు మంది ఆడపిల్లలు, రెండు కుట్టుమిషన్లు, ఒక చాప, ఒక రిజిస్టరు. మధ్యాహ్నం మూడింటి నుంచి ఐదింటి దాకా అక్కడ కుట్టు నేర్పాలి, చదువు మరిచిపోకుండా చూడాలి, చట్టాలు చెప్పాలి. పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి చేయడం నేరమని రోజూ పాఠం మొదలుపెట్టే ముందు టీచరమ్మ పిల్లలందరిచేతా గట్టిగా అనిపించేది. గోదాములో బస్తాలు మోసేవాళ్ళు కిటికీలోంచి తొంగిచూసి, "మాకు వినబడిందమ్మా, మేం చెయ్యం" అని నవ్వేవాళ్ళు.

ఆ పిల్లల్లో ఒకదాన్ని అందరూ చీమ అనేవాళ్ళు. పిడికెడు మనిషి. కూర్చున్న చోట కూర్చోదు. ఎవరి దారం చిక్కుపడినా, ఎవరి సూది విరిగినా ముందు దాని చేతులే అక్కడుంటాయి. వయసు పదిహేను.

ఒకరోజు ఇలాంటి కేంద్రాలను చూసుకునే పర్యవేక్షకుడు మోటారుసైకిలు మీద వచ్చాడు. పట్నంలో నాలుగు నెలల శిక్షణ, నర్సులకు సాయం చేసే పని నేర్పుతారు, ఉండడానికి వసతి, తర్వాత ఆసుపత్రిలో ఉద్యోగం. ఊరికి ఒక్కటే సీటు. పద్దెనిమిది నిండి ఉండాలి.

కేంద్రంలో పద్దెనిమిది నిండినవాళ్ళు ముగ్గురు. ఒకదాన్ని అన్న పంపనన్నాడు. ఇంకొకదానికి అప్పటికే ఐదో నెల. మూడోది, "రక్తం చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి టీచరమ్మా, నాకు సాయంగా ఇంకో నర్సు కావాలి" అంది. అందరూ పడీపడీ నవ్వారు.

చీమ నవ్వలేదు. "మా తమ్ముడు పుట్టినప్పుడు మంత్రసానికి అన్నీ అందించింది నేనే. నాకు కళ్ళు తిరగవు" అంది.

పర్యవేక్షకుడు గడియారం చూసుకున్నాడు. "సీటు వదిలేస్తే వచ్చే ఏడు మీ ఊరికి ఇవ్వరు. మీరు రిజిస్టరులో ఏది రాస్తే అదే వయసు టీచరమ్మా. నేను అడగను, మీరు చెప్పొద్దు."

ఆ ఊళ్ళో పుట్టినరోజు కాగితం ఉన్నవాళ్ళు అరుదు. బడి పాత పుస్తకాలు చెదలు తినేసి చాలాకాలమైంది. ఎవరి వయసుకైనా రాతలో ఆధారమంటూ ఉంటే అది కేంద్రం రిజిస్టరే. టీచరమ్మ పెన్ను తీసి, చీమ పేరుకెదురుగా పద్దెనిమిది అని రాసింది. మర్నాడు పొద్దున దేవుడితో, "ఒక పిల్లకు దారి దొరుకుతుందని చిన్న అబద్ధమాడాను స్వామీ. నువ్వు చూసీ చూడనట్టు ఊరుకో" అంది.

పది రోజుల్లో పట్నం శిక్షణవాళ్ళ నుంచి ఫొటో, వయసు, ముద్ర ఉన్న గుర్తింపు కార్డు వచ్చింది. చీమ దాన్ని తండ్రి చేతిలో పెట్టింది.

తండ్రి బావులు తవ్వే మనిషి. నోట్లో నాలుక లేనివాడు. కూతుర్ని ఏనాడూ ఒక దెబ్బ కొట్టి ఎరగడు. కానీ నాలుగు నెలలు ఎక్కడో పట్నంలో, ఎవరి కాపలా లేకుండా పిల్ల ఉండాలనేసరికి ఆయనకు నిద్ర కరువైంది. ఇటుకబట్టీ మేస్త్రీకి రెండో పెళ్ళి సంబంధం చూస్తున్నారని తెలిసి తానే వెళ్ళి అడిగాడు.

ఆ మంగళవారం చీమ కేంద్రానికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"శుక్రవారం నా పెళ్ళంట."

మిషన్లు రెండూ ఆగిపోయాయి. రక్తం చూస్తే కళ్ళు తిరిగే పిల్ల, "జాకెట్లన్నీ మేమే కుడతాంలేవే" అనబోయి మాట మధ్యలోనే మింగేసింది.

టీచరమ్మ రిజిస్టరు మూసి చంకలో పెట్టుకుని, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బస్సెక్కింది.

పిల్లల సంరక్షణ అధికారి మంచివాడే. బల్ల మీద కాగితాలు కొండలా ఉన్నా వదిలేసి అప్పటికప్పుడు జీపులో బయలుదేరాడు. దారి పొడుగునా ఆమె దేవుడికి దణ్ణాలు పెట్టుకుంటూనే ఉంది.

చీమ తండ్రి జీపును చూసి తత్తరపడలేదు. కుర్చీ తుడిచి వేశాడు. చట్టం మాట ఎత్తగానే చొక్కా జేబులోంచి కార్డు తీసి రెండు చేతులతో అందించాడు.

"నేను చదువు లేనోణ్ణి బాబూ. చట్టమంటే భయం ఉన్నోణ్ణి. పద్దెనిమిది నిండాయని టీచరమ్మగారే రాశారు. అందుకే ధైర్యం చేశాను."

అధికారి కార్డు చూశాడు. జీపులో తెచ్చిన రిజిస్టరు తెరిచాడు. "ఇది మీ రాతేనా అమ్మా?"

"నాదే బాబూ. కానీ అది అబద్ధం. దాని వయసు పదిహేను. సీటు పోతుందని నేనే ఎక్కువేసి రాశాను."

బావులు తవ్వే మనిషి నోరు తెరుచుకుని ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. గుళ్ళో పూజారి అబద్ధమాడితే ఎలా చూస్తారో అలా చూశాడు.

అధికారి గొంతు తగ్గించాడు. "ఆ మాట నేను వినలేదనుకుంటాను. విన్నానంటే ఈ రిజిస్టరంతా చెల్లదు. కేంద్రం మూసేయాలి. మిగతా ఇరవై రెండు మందీ ఇంటికే."

"మూసేయండి. దీన్ని ఆపండి."

"ఎలా ఆపమంటారు? అప్పుడు రాసింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా? పై కోర్టువాళ్ళు కాగితం చూస్తారు, కన్నీళ్ళు చూడరు. వయసు తేల్చే డాక్టరు పరీక్షకు రాస్తాను. జవాబు రావడానికి నెల పడుతుంది."

"పిల్లను చూడండి బాబూ. కాగితం వద్దు, మీ కళ్ళతో చూడండి!"

చీమ తలుపు పక్కన తమ్ముణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది. అధికారి చూశాడు. చాలాసేపే చూశాడు. తర్వాత తల దించుకుని, "మా ఇంట్లోనూ ఆడవాళ్ళు పొట్టివాళ్ళే" అన్నాడు. ఆ మాట ఆయనకే రుచించలేదని మొహం చెబుతోంది. టీచరమ్మ అక్కడికక్కడే ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టి ఇచ్చిన కాగితాన్ని ఫైలులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

టీచరమ్మ చీమ తండ్రి కాళ్ళ మీద పడబోయింది. ఆయన గబుక్కున వెనక్కి జరిగాడు.

"తప్పమ్మా, పెద్దవారు. మాటిచ్చేశాను. మీరు అప్పుడే నిజం రాసుంటే నేను అడుగు ముందుకేసేవాణ్ణి కాదు గదా."

ఆయన అన్నదాంట్లో కల్ల లేదు. పిల్లను రక్షించడానికి కట్టిన గోడలో తన చేత్తోనే తలుపు పెట్టానని ఆమెకు అర్థమైంది.

శుక్రవారం పెళ్ళి జరిగిపోయింది. టీచరమ్మ వెళ్ళలేదు. సాయంత్రం అత్తారింటికి వెళ్ళే ఆటో గోదాము ముందు ఒక్క నిమిషం ఆగింది. చీమ దిగి వచ్చింది. చీర కుచ్చిళ్ళు తొక్కుకుంటూ, పిన్నీసులతో బిగించినా భుజం మీద నిలవని జాకెట్టుతో.

"టీచరమ్మా, ఒక మాట అడిగి పోదామని. అక్కడ ఎవరైనా నా వయసు అడిగితే ఎంతని చెప్పను?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడుగుతోంది. తప్పు చెప్తే టీచరమ్మకు మాటొస్తుందేమోనని దాని భయం.

టీచరమ్మ దాని జాకెట్టు భుజం దగ్గర ఊడిన పిన్నీసు ఒకటి సరిగ్గా పెట్టింది. ఆటో హారను కొట్టింది.

ఆ తర్వాత చాలా రోజులు ఆమె పొద్దున దణ్ణం పెట్టుకునేది గానీ ఏమీ చెప్పేది కాదు. ఇంటాయన ఉండబట్టలేక, "ఏమే, అలిగావా ఆయన మీద?" అన్నాడు. "ఆయన మీద కాదు. చూసీ చూడనట్టు ఊరుకోమన్నది నేనే కదా" అంది. మంచి కోసమే చేసిన పనికి ఇంత చెడ్డ ఫలం ఎందుకిస్తాడో అడగాలని ఉంది. అడిగితే తన రాతే తనకు చూపిస్తాడని భయం.

కేంద్రం మూతపడలేదు. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. డాక్టరు పరీక్ష కాగితం రాలేదు. పట్నం సీటు పక్క ఊరికి పోయింది.

నెల తిరగ్గానే ఒక మధ్యాహ్నం, పిల్లలు రాకముందే ఒక తల్లి వచ్చి గుమ్మం దగ్గర మొహమాటంగా నిలబడింది. వెనకాల ఇంకో ఇద్దరు. ముగ్గురి కూతుళ్ళూ కేంద్రానికి వచ్చేవాళ్ళే. పెద్దదానికి పదహారు, చిన్నదానికి పద్నాలుగు.

"రండమ్మా, కూర్చోండి. పిల్లలు బాగా కుడుతున్నారు" అంది టీచరమ్మ.

"మీ చలవే టీచరమ్మా" అంది ఆ తల్లి. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ గొంతు తగ్గించింది. "బావులు తవ్వే ఆయన కూతురికి ఇచ్చారే, ఫొటో ఉన్న కార్డు. అది మా పిల్లలకు కూడా రాయించండమ్మా. మీరు రాస్తే ఇంకెవరూ అడగరంట."