బుధవారం దయ్యాలు

"సంసారం జేసే ఆడోళ్లు సూసే బొమ్మలేనా గవి?" అన్నాడు జయరాజ్, తిన్న కంచంలోనే చెయ్యి కడుగుతూ. రూతమ్మ ఆ కంచం తీసి, కింద పడ్డ మెతుకులు తుడిచింది. జవాబు చెప్పలేదు. మొగుడి మాటకు జవాబు చెప్పకపోవడం పదహారేళ్లుగా ఆమె ఇంటిపనుల్లో ఒకటి. మిగతా వాటిలాగే దానికీ జీతం లేదు.

బోధన్‌లో రాకాసిపేటలో ఉండే రూతమ్మ ఒక ఆస్పత్రిలో ఆయా. బుధవారం సెలవు. సెలవు ఆస్పత్రికే, బట్టలకూ బియ్యానికీ అత్త యేసమ్మ మోకాళ్లకు రాసే నూనెకూ కాదు. అవన్నీ ముగించుకుని రెండింటి నుంచి నాలుగింటి దాకా సీడీ ప్లేయర్ ముందు కూర్చుంటుంది. తుకారాం దుకాణంలో ఎవరూ అద్దెకు అడగని సీడీలన్నీ ఆమెవే. ఏ దేశానివో తెలియని దయ్యం సినిమాలు. వాటిలో రూతమ్మకు దయ్యం కన్నా ఇంటావిడ ఇష్టం. గోడలో ఏదో కదులుతోందని ఆవిడ మొదటి పావుగంటలోనే చెబుతుంది. నీకు నిద్ర చాలక అలా అనిపిస్తోందంటాడు మొగుడు. చివరికి ఆవిడ చెప్పిందే నిజమవుతుంది. ఆ ఒక్క ముక్క కోసం రూతమ్మ ఎన్ని దయ్యాలనైనా భరిస్తుంది.

ఒకసారి తుకారాం పొరపాటున దయ్యం కవర్లో ర్యాప్ కచేరీ డాక్యుమెంటరీ పెట్టి ఇచ్చాడు. తిరిగివ్వడానికి పోయిన రూతమ్మ, "ఇసోంటియి ఇంకేమన్న ఉన్నయా అన్నా?" అని అడిగింది. అందులో ఒక పిల్ల స్టేజీ వెనకాల గోడకు ఆనుకుని గడగడా వణికింది. తర్వాత వెలుగులోకి వచ్చి, తనకు జరిగిందంతా ఊపిరి తీసుకోకుండా చెబుతున్నట్టు పాడింది. ఒక్క మాటా అర్థం కాలేదు. అయినా రూతమ్మకు ఏడుపొచ్చింది. అన్ని వేలమందిలో ఒక్కరు కూడా ఆ పిల్లను నోర్మూసుకోమనలేదు.

పెళ్లాం దయ్యం సినిమాలు చూస్తోందన్న సంగతి జయరాజ్ చర్చి స్త్రీల సమాజానికి చేరవేశాడు. శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూడిక వాళ్లింట్లోనే పెట్టించాడు. ప్లేయర్ వైర్లు పీకి సంచిలో వేసుకుని, తమ్ముడికి ఇచ్చి రావడానికి అరుగు మీద సిద్ధంగా కూర్చున్నాడు.

"లేచి సాక్ష్యం చెప్పు బిడ్డా. ఇగ సూడనని ఒప్పుకో," అంది సమాజం పెద్ద బాలవ్వ.

సాక్ష్యం చెప్పే మనిషి తనంతట తాను ఆమేన్ అనే దాకా ఎవరూ అడ్డు రాకూడదు. అది ఆ కూడిక కట్టుబాటు. రూతమ్మ ఎన్నో సాక్ష్యాలు వింది గానీ ఆ కట్టుబాటు ఎంత గొప్పదో ఆ రోజే తట్టింది. ఆనుకున్న గోడను వదిలి లేచింది.

"దయ్యం సీన్మలు సూస్తున్న. నిజమే. రాకాసిపేటల కాపురముండేటిదాన్ని, సీడీల దయ్యానికి భయపడ్తనా? దావఖానల పరాయోళ్లది ఎత్తిపోస్తున్న, ఇంటికొచ్చి నావోళ్లది. నడుము పోతున్నదంటే గ్యాస్ అన్నడు మా ఆయిన. ఎక్స్‌రే ఫోటో దీపిస్తే ఎన్నుపూసలరిగినయన్నరు. ఆ కాయిదం ఆర్నెల్లసంది గీ బైబిల్లనే ఉన్నది. ఏందని అడిగినోళ్లు లేరు. మొదటి దినమే చెప్పిన నేను. నమ్మలే."

యేసమ్మ తల దించుకుంది. అరుగు మీంచి జయరాజ్ అరిచాడు: "సాలిగ!"

బాలవ్వ అటు తిరగకుండానే చెయ్యెత్తింది. "సాక్ష్యం నడుస్తున్నది కొడుకా. ఊకో."

ఇంత తేలికా, ఇన్నేళ్లూ ఎందుకు చేయలేదని రూతమ్మకు తన మీద తనకే కోపమొచ్చింది. "ఆయినను ఆ సంచి లోపట పెట్టుమనుండ్రి. బుధారం రెండు నుంచి నాలుగు దాక నేను ఎవ్వలకూ దొరక," అంది.

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాలవ్వ మెల్లగా, "ఇగ ఆమేన్ అను బిడ్డా. అందరికీ ఛాయ్ యాళ్లయింది," అంది.

"ఆమేన్ అంటే లేచి ఛాయ్ నేనే పెట్టాలె అవ్వా," అంది రూతమ్మ. "ఇయ్యాల ఆయిన పెడ్తడు. నాదింక అయిపోలే."