గయ్యాళి కింద ఐదు బాతుగుడ్లు

బావమరిది బతక కోరతాడని సామెత. బావ ఏం కోరతాడో ఆ సామెత చెప్పదు. చెప్పకపోవడమే నయం. మా ఆవిడ తమ్ముడు మా ఇంటికొచ్చిన మూడో నెలకే నేను అతని మీద కళ్ళలో నిప్పులు పోసుకున్నాను.

అతను పనిచేసే ప్రెస్సు మూతపడింది. వేరే పని దొరికేదాకా ఉంటానంటూ ఒక సంచీతో, నాలుగు ఆడబాతులతో, ఒక మగబాతుతో దిగాడు. దారిలో సంతలో కనిపించాయట, చూసి ఊరుకోలేకపోయాడట. మేత బస్తాల గదిలో మంచం వేశాం. బాతులకు మాత్రం నా పెరట్లో చోటివ్వాల్సి వచ్చింది.

ఆ పెరట్లో పద్నాలుగేళ్ళుగా కోళ్ళు పెంచుతున్నాను. ఏ పెట్ట పొదుగుకొచ్చింది, ఏది డీలాగా ఉంది, ఏ గుడ్డు పొదిగించడానికి పనికొస్తుంది, ఇలా ఎవరికి ఏ సందేహం వచ్చినా నన్నే అడుగుతారు. పక్కింటివాళ్ళు గోడ మీంచి పిలిచి మరీ అడుగుతారు. నాకు వేరే గొప్పలేం లేవు. బడిలో వెనక బెంచీ, బంధువుల్లో వెనక వరస. ఇలా అడిగించుకోవడం ఒక్కటే నా ఆస్తి.

బాతులు వచ్చిన రోజే కోళ్ళ నీళ్ళతొట్టిలో తలలు ముంచి పెరడంతా చిత్తడి చేశాయి. నాకు లోపల సంతోషమే వేసింది. మా ఆవిడను పిలిచి చూపించాను. మర్నాడు పొద్దెక్కేసరికి బావమరిది ఓ మూల గొయ్యి తవ్వి, పాత రేకు పరిచి, బాతులకు వేరే మడుగు కట్టేశాడు. కోళ్ళ తొట్టిని ఇటుకల మీదికెత్తాడు. పెరడు ముందుకన్నా పొడిగా తయారైంది.

"ఇన్నేళ్ళలో మనకీ బుద్ధి ఎందుకు రాలేదండీ?" అంది మా ఆవిడ. మనకి అంది గానీ ఆ మాట తిన్నగా వచ్చి నాకే తగిలింది.

ఆ తర్వాత మా అమ్మాయి కూడా అటే తిరిగింది. పొద్దున్నే నాతో గుడ్లు ఏరడానికి వచ్చే పిల్ల మామయ్య వెనకాల మడుగు దగ్గరికి పోయేది. పక్కింటాయన గోడ మీంచి పిలిస్తే నేను వెళ్ళాను. మీ బావమరిది లేడా అని అడిగాడు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు. నేను చెవినై కూర్చున్నాను.

అప్పుడే గయ్యాళి పొదుగుకొచ్చింది. గయ్యాళి అంటే నా ఎర్ర పెట్ట. చెయ్యి పెడితే రక్తం చూడందే వదలదు గానీ, పొదగడంలో దానికి సాటి లేదు. పాత గంపలో ఎండుగడ్డి పరిచి ఆరు కోడిగుడ్లు ఏరి పెట్టుకున్నాను. బావమరిది బాతులు గుడ్లయితే పెడుతున్నాయి గానీ వాటి మీద ఒక్క పూట కూర్చోవు. ఐదు గుడ్లు రెండు చేతుల్లో పట్టుకుని వచ్చాడు.

"బావా, వీటిని కూడా గయ్యాళి కింద పెట్టొచ్చా? రెండూ ఒకేసారి పెడితే ఏమీ కాదుగా?"

కోడిగుడ్డుకి ఇరవై ఒక్క రోజులు. బాతుగుడ్డుకి ఇరవై ఎనిమిది. కలిపి పొదిగించాలంటే ముందు బాతుగుడ్లు పెట్టి, వారం ఆగి కోడిగుడ్లు చేర్చాలి. అప్పుడే అన్నీ ఒకేసారి పగులుతాయి. లేకపోతే కోడిపిల్లలు రాగానే పెట్ట వాటిని వెంటేసుకుని లేచిపోతుంది, బాతుగుడ్లు చల్లారి చస్తాయి. ఇది నాకు తెలుసు. ఈ పెరట్లో నాకొక్కడికే తెలుసు.

"పెట్టుకో. చోటుంది కదా," అన్నాను.

అబద్ధం కాదు, చోటుంది. ఇరవై రోజులూ నాకు నేను ఆ మాటే చెప్పుకున్నాను. అతను మాత్రం రోజూ గంప దగ్గరికెళ్ళి, చేతి మీద గయ్యాళి పొడిచిన గాట్లు మా అమ్మాయికి చూపించి నవ్వేవాడు.

ఇరవై ఒకటో రోజున ఆరు కోడిపిల్లలూ వచ్చాయి. ఇరవై మూడో రోజు పొద్దున గయ్యాళి వాటిని పిలుచుకుంటూ పెరట్లోకి దిగిపోయింది. బావమరిది పరుగున నా దగ్గరికే వచ్చాడు. పెట్ట లేచిపోయిందనీ, బాతుగుడ్లు ఇంకా పగల్లేదనీ, ఏం చెయ్యాలనీ అడిగాడు. అప్పటికైనా చెప్పొచ్చు. ఇంకా ఐదు రోజులున్నాయి, ఎలాగోలా వెచ్చగా ఉంచమంటే సరిపోయేది.

"మురిగిపోయుంటాయి. పారెయ్," అన్నాను.

అతను పారెయ్యలేదు. బస్తాల గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసి, ఒక్కో గుడ్డు వెనకా టార్చిలైటు పెట్టి చూశాడు. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. వెలుగులో గుడ్డు లోపల నల్లటి నీడ కదిలింది. ఐదింటిలోనూ కదిలింది. అతను తలెత్తి కిటికీ వైపు చూశాడు. తేలు కుట్టిన దొంగలా అక్కణ్ణుంచి వచ్చేశాను.

అక్క పాత శాలువా అడిగి తీసుకుని, గుడ్లను పొట్టకు కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఐదు రోజులు అలాగే ఉన్నాడు. తినడం అందులోనే, నిద్ర అందులోనే. వేళ తప్పకుండా గుడ్లు తిప్పేవాడు, గోరువెచ్చటి నీళ్ళలో వేళ్ళు ముంచి తడిపేవాడు. ఎన్నో నెల అని పక్కింటాయన అడిగితే నెలలు నిండాయని చెప్పాడు. మంత్రసానికి కబురు పెట్టనా అని మా ఆవిడ నవ్వింది. మా అమ్మాయి తన పాఠాలన్నీ ఆ పొట్టకు చదివి వినిపించింది. ఇల్లంతా అతని కుర్చీ చుట్టూనే తిరిగింది. నేను పెరట్లో ఒంటరిగా కోళ్ళకు నూకలు చల్లుతూ, ఆ గుడ్లు పగలకూడదని కోరుకున్నాను. ఉన్నమాటే చెబుతున్నాను, అలాగే కోరుకున్నాను.

ఇరవై ఎనిమిదో రోజు మధ్యాహ్నం నాలుగు పగిలాయి. ఐదోది పెంకుకి చిన్న కన్నం పొడిచి, ముక్కు బయటపెట్టి, అక్కడే ఆగిపోయింది. అది ఎవరి లెక్కలోకి వస్తుందో నాకు తెలుసు.

నాలుగు పిల్లలూ తడి ఆరకముందే అతని గొంతు వినబడ్డ వైపు మెడలు చాచాయి. మర్నాటికి అతనెటు నడిస్తే అటు బారుగా నడిచాయి. పద్నాలుగేళ్ళలో ఒక్క కోడిపిల్ల కూడా నా వెనక అలా రాలేదు. నేను పెట్టిన చిచ్చే చివరికి అతనికి బిడ్డల్నిచ్చింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా ఆవిడకు అనుమానం వచ్చింది. ఆమె కూడా ఇన్నేళ్ళూ ఈ పెరట్లోనే ఉంది కదా.

"అవునూ, రెండూ ఒకే రోజు పెట్టమని నీకెవరు చెప్పార్రా?"

నేను మంచినీళ్ళ చెంబు అందుకున్నాను.

"ఎవరూ చెప్పలేదక్కా. బావని అడగాల్సింది. అడగలేదు," అన్నాడు కంచంలోంచి తల ఎత్తకుండా.

బాతుల మీద అతనికున్న నేర్పు చూసి కుళ్ళుకున్నాను, నా కూతురు అతని వెనక తిరిగినందుకు కుళ్ళుకున్నాను. కానీ ఆ మాట అనగలిగినందుకు కుళ్ళుకున్నంతగా దేనికీ కుళ్ళుకోలేదు. అతని చోట నేనుంటే ఆ మాట నా నోట వచ్చేది కాదు.

రెండు నెలలకి గయ్యాళి మళ్ళీ పొదుగుకొచ్చింది. పెరట్లోకి వెళ్ళేసరికి అతను గంప ముందు కూర్చుని ఎండుగడ్డి సర్దుతున్నాడు. పక్కన ఆరు బాతుగుడ్లు ఉన్నాయి. కోడిగుడ్డు ఒక్కటీ లేదు. నన్ను చూసి మామూలుగానే నవ్వాడు, భోజనం చేశావా బావా అన్నాడు. చేశానన్నాను. నేను అక్కడే నిలబడ్డాను. అతను ఒక్కో గుడ్డూ పెడుతున్నాడు. అడుగుతాడేమోనని చూశాను. ఆరూ పెట్టడం అయిపోయింది.

ఉండబట్టలేక నేనే అన్నాను.

"కోడిగుడ్లు వారం ఆగి పెట్టాలి."

"తెలుసు బావా," అన్నాడు.

అందులో కోపం లేదు, దెప్పడం లేదు. గయ్యాళిని ఎత్తి గుడ్ల మీద కూర్చోబెట్టాడు. అది అతన్ని పొడవలేదు.