దక్షిణం గోడ

మా మామ రాజారాం మనసుకూ నోటికీ మధ్య ఒకప్పుడు దారి ఉండే ఉంటుంది. వాస్తు బాగోలేదని ఆయనే మూయించి ఉంటాడు. లేకపోతే లోపల ఒకటి పెట్టుకొని బయటికి ఇంకొకటి ఎలా అంటాడు?

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద మాకు పసుపు పాలిష్ మిల్లు ఉంది. ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు కొమ్ములను రైతులు తెస్తే, ఒళ్లంతా తూట్లున్న పెద్ద ఇనుప డ్రమ్ముల్లో పోసి తిప్పుతాం. కొమ్ములు ఒకదానికొకటి రాసుకొని, పైపొట్టు రాలి, నిగనిగలాడతాయి. ఆ రాలిన పొట్టంతా దుమ్మై లేస్తుంది. మా మిల్లులో ఒక్క పూట పనిచేసినవాడెవడైనా పెళ్లి పీటల మీంచి లేచి వచ్చినట్టే ఉంటాడు. ముప్పై ఏళ్లుగా డ్రమ్ముల దగ్గరే ఉన్న జయరాజ్ బాపు అయితే ఆదివారం చర్చికి ఎంత తోముకొని పోయినా చెవుల వెనక పసుపు మిగులుతుంది. "వారం వారం పెండ్లికొడుకు లెక్కనే వస్తవు" అని పాస్టరు గారు కూడా నవ్వుతారట.

నేను ఈ ఇంటి కోడలిని, స్నేహలతను. మిల్లు ఆఫీసు చూసుకుంటాను. అంటే సగం రోజు పనీ, మిగిలిన సగం మామా జయరాజ్ బాపూ తగవులాడుకోవడం చూడటం. ఒకరిని ఒకరు తిట్టుకోనిదే ఇద్దరికీ చాయ్ దిగదు.

మొన్న సీజను మంచి ఊపు మీద ఉండగా మామకు మిల్లు మార్చాలని బుద్ధి పుట్టింది. పాత డ్రమ్ములు రెండూ తీసేసి, దుమ్మును లోపలే పీల్చుకునే మూత మిషన్లు పెట్టాలట. పసుపు అయిపోయాక పెట్టుకోవచ్చు కదా అంటే వినడు. పోనీ వారం రోజులు మిల్లు ఆపుదామంటే అసలే వినడు.

"మిల్లు బంద్ పెడ్తే రైతు పక్క మిల్లుకు పోతడు. ఒక్కసారి పోయినోడు మల్ల మన మొకం సూస్తడా? పని నడవాలె, మిషన్ మారాలె. గంతే."

పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానే పొయ్యి మార్చమన్నమాట. మిషన్ కంపెనీ వాళ్లు అఖిలేష్ అనే కుర్ర ఇంజనీరును పంపారు. పాపం, పసుపు మిల్లుకు తెల్ల చొక్కా వేసుకొని వచ్చాడు. అయినా మంచి ఉపాయమే చెప్పాడు. రెండో డ్రమ్ము నడుస్తుండగా మొదటిది తీసి, ఆ జాగాలో కొత్త మిషన్ బిగించాలి. అది తిరగడం మొదలయ్యాక రెండో డ్రమ్మును తీయాలి. మిల్లు ఒక్క పూట కూడా ఆగదు. మామ మురిసిపోయాడు. మురిసి ఊరుకున్నాడా? వాస్తు చెప్పే ఆయన్ను పిలిపించాడు. ఆయన మిల్లు చుట్టూ తిరిగి, దక్షిణాన ఉన్న పెద్ద వాకిలి మూసేసి తూర్పున ఒకటి పెట్టమన్నాడు.

మొదటి డ్రమ్ము విప్పుతున్న రోజు జయరాజ్ బాపుకు దగ్గు తెర కమ్మింది. ఆ మధ్య అది ఎక్కువైంది. మామ చూసి అరిచాడు.

"మూతికి దస్తీ కట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాలె?"

"కట్టుకుంటె ఊపిరాడది సేఠ్."

"కట్టుకోకుంటె ఆడుతున్నదా? మాట ఇననోడు నాకెందుకు? రెండో డ్రమ్ము పోయేనాడు నువ్వు గూడ పో. ఇంట్ల కూసొని దగ్గు!"

పనివాళ్లంతా నవ్వారు. జయరాజ్ బాపు నవ్వలేదు. సాయంత్రం ఆఫీసు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, సేఠ్ నిజంగనే అన్నడా?"

"మామ నోరు నీకు తెల్వదా బాపూ? నన్ను ఎన్నిసార్లు పుట్టింటికి పొమ్మన్నడు! పోయిన్నా?"

"నీకు పుట్టిల్లున్నది బిడ్డా. నాకు గిదొక్కటే ఉన్నది" అన్నాడు. "కొత్త మిషన్‌కు గుండీలున్నయంట. గుండీ ఒత్తెటందుకు జయరాజ్ ఎందుకు?"

వెంటనే వెళ్లి మామనే అడిగాను. "నువ్వు ఆఫీసు సూస్కో" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషికి సాగనంపేటప్పుడైనా ఒక మంచి మాట చెప్పరా?

పని మాత్రం చకచకా సాగింది. మొదటి డ్రమ్ము దక్షిణం వాకిట్లోంచి దర్జాగా బయటికి పోయింది. కొత్త మిషన్ ముక్కలు ముక్కలుగా, కొత్తగా తెరిచిన తూర్పు వాకిట్లోంచి లోపలికి వచ్చింది. ఇక కాశయ్య మేస్త్రి దక్షిణం వాకిలి మూయడం మొదలుపెట్టాడు. కానీ రైతుల ట్రాక్టర్లకు ఆ దారే అలవాటు. పని ఆగొద్దు కదా, అందుకని రెండు పక్కల నుంచీ కొంచెం కొంచెంగా ఇటుకలు పేర్చుకుంటూ వచ్చాడు. మొదట్లో సందులోంచి ట్రాక్టరే పట్టింది. తర్వాత భుజం మీద బస్తాతో మనిషి పట్టాడు. ఆఖరికి బస్తా కూడా పట్టలేదు.

"కాశన్నా, నన్ను లోపటనే పెట్టి కట్టేవు! మా ఇంటిదానికి జవాబెవ్వరు చెప్తరు?" అని రెంజల్ రైతు దేవన్న ఆ సందులోంచి ఒట్టి చేతులతో దూరి బయటపడ్డాడు. అందరం నవ్వాం. గోడ లేచింది, సిమెంటు పూసి గిలాబు అయింది, సున్నం పడింది, కొబ్బరికాయ కూడా కొట్టాం. అంతసేపూ మా వెనకాల రెండో డ్రమ్ము పొట్టనిండా పసుపుతో గడగడా తిరుగుతూనే ఉంది. తిరుగుతున్న దాన్ని చూసి, ఇది కూడా ఒకనాడు బయటికి పోవాల్సిందే అని ఎవరికి తడుతుంది?

ఆ రోజు రానే వచ్చింది. కొత్త మిషన్ నడుస్తోంది. బయట ఎడపల్లి, రెంజల్ ట్రాక్టర్లు వరసలో ఉన్నాయి. పాత ఇనుము కొనేవాళ్ల లారీ కూడా వచ్చింది. బోల్టులు విప్పి, గొలుసులు కట్టి, పదిమంది కలిసి డ్రమ్మును తూర్పు వాకిలి దాకా దొర్లించారు. అక్కడ ఆగింది. ఇటు తిప్పారు, అటు తిప్పారు. అఖిలేష్ టేపు పెట్టి కొలిచాడు. వాకిలి పెరుగుతుందేమోనని మళ్లీ కొలిచాడు. కాశయ్య తాను కట్టిన గోడను తప్ప అన్నిటినీ చూశాడు.

"గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేద్దాం సార్" అన్నాడు అఖిలేష్. "కానీ ఈ దుమ్ములో నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. రెండు రోజులు మిల్లు ఆపి, అంతా కడిగి..."

ఆపడం అన్న మాట చెవిన పడగానే మామ జయరాజ్ బాపు మీదికి తిరిగాడు.

"పొద్దుందాక గిక్కడనే ఉంటివి. పెద్ద వాకిలి మూసేస్తే ఇది ఎట్ల పోతదని నీకన్న యాదికి రాలేదా?"

"వచ్చింది సేఠ్."

"ఏందీ?"

"వాకిలి సగం మూసినప్పుడే సమజైంది. సప్పుడు జెయ్యలే."

"ఎందుకు?"

"డ్రమ్ము పోయేనాడు నన్ను పొమ్మంటివి. డ్రమ్మే పోకపోతే నేనెట్ల పోత అనుకున్న."

జీవితంలో ఒక్క పని చెడగొట్టి ఎరుగని మనిషి, ఇటుక మీద ఇటుక లేస్తుంటే పక్కనే నిలబడి పసుపు తూర్పారబడుతూ ఊరుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మామ కాశయ్యను పిలిచాడు.

"గడ్డపార తే. గోడ గొట్టు."

"మామా, మరి వాస్తు?" అన్నాను, నోరాగక.

"వాస్తాయనతోని నేను మాట్లాడుత. ముందుగాల గొట్టు!"

కాశయ్య చేతులాడలేదు. మామే గడ్డపార లాక్కొని మొదటి దెబ్బ వేశాడు. గిలాబు ఇంకా పూర్తిగా ఆరలేదేమో, పెచ్చులుగా ఊడిపడింది. కొత్త మిషన్ తన మానాన తాను తిరుగుతూనే ఉంది. జయరాజ్ బాపు కాసేపు చూశాడు. ఇంట్లో మేకు కొట్టాలన్నా వాస్తు అడిగే మనిషి, తనను పంపేటందుకు గోడనే కూల్చుతున్నాడని ఆయనకు అనిపించి ఉండాలి. తువ్వాల భుజాన వేసుకొని, సద్ది డబ్బా తీసుకొని నా దగ్గరికి వచ్చాడు.

"పోయొస్త బిడ్డా."

నేను ఇక ఆగలేకపోయాను. "మామా! బాపు పోతుండు! ఒక్క మాటన్న అనవా?" అని మిల్లంతా వినపడేలా అరిచాను.

మామ గడ్డపారతోనే వెనక్కి తిరిగాడు. "ఏడికి పోతుండు?"

"డ్రమ్ము పోతున్నది గద సేఠ్."

"డ్రమ్ము పోతె నువ్వెందుకు పోవుడు?" మామ గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా వచ్చింది. "సీజన్ మొదట్ల దవాఖానకు తోల్కపోతి గద. డాక్టర్ నిన్ను బయట కూసోబెట్టి నాతోని ఏమన్నడో ఎర్కనా? గీ దుమ్ములనే ఉంచితె ఈ మనిషి నీకు దక్కడన్నడు. గందుకే మూత మిషన్లు తెప్పిచ్చిన. సీజన్ ఒడిశేదాక నువ్వు గట్లనే దగ్గుతుంటె నేను సూస్కుంట కూసోవాల్నా? పోవాల్సింది నీ దగ్గు. నువ్వు గాదు."

కొత్త మిషన్లు వ్యాపారం కోసమని ఇన్నాళ్లూ అనుకున్నాను. కోడలినై ఉండి, ఆఫీసులో కూర్చొని ఉండి, నాకే తెలియలేదు. మామ మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో, అంత కోపమూ వచ్చింది.

జయరాజ్ బాపు డబ్బా కింద పెట్టాడు. కూలిన ఇటుకల వంక చూశాడు, తర్వాత మామ వంక చూశాడు. కళ్లనిండా నీళ్లతోనే అన్నాడు:

"గీ మాట గోడ కట్టకముందే అంటె, గోడన్న మిగులుతుండె గద సేఠ్."