ఎతిరుకి నీళ్లు

నెలాఖరు వస్తోందంటే నా గుండెల్లో రాయి పడుతుంది. చంద్రుడు కనబడని ఆ రోజున మా సిప్పరు పట్నంలో ప్రతి ఇంటా చచ్చినవాళ్లను పేరుపేరునా పిలిచి, నేలలోకి దించిన మట్టిగొట్టంలో నీళ్లు పోస్తారు. పిలవకపోతే కింద వాళ్లకు దాహమే దాహం.

నిజానికది కొడుకు చెయ్యాల్సిన పని. మా తమ్ముడు ఎతిరు దేవదారు దుంగల కోసం పడవెక్కి ఏటికి ఎగువన పోయి ఆరేళ్లయింది. అప్పట్నుంచీ అమ్మానాన్నలకు నేనే పోస్తున్నాను. షమష్ దేవుడి మఠంలో చేరిన ఆడవాళ్లం, మాకు పిల్లల్ని కనే రాత లేదు. రేపు నేను పోతే నాకు పోయవలసినవాడూ వాడే.

ఖర్జూరాలు దింపే వేళకు వస్తానని వాడు పంపిన మట్టిపలక ఇంకా నా తలగడ కిందే ఉంది. ఆరుసార్లు దింపారు ఖర్జూరాలు. ఊళ్లో సగంమంది ఉత్తరాలు రాసిపెట్టేది నేనే. ఎగువకు పోయే ప్రతి పడవలోనూ వాడికో పలక పంపాను. ఒక్కదానికీ బదులు లేదు, వెధవ.

మఠంలో నా పక్కగదిలో ఉండే హుషుతు నోట్లో నువ్వుగింజ నానదు. ఈసారి నెలాఖరున పొద్దున్నే వచ్చి, తమ్ముడి పేరు కూడా పిలవరాదా అంది. బతికున్నవాడికి నీళ్లొదలమంటావుటే అని కసిరాను. అది గడప దగ్గర్నుంచి కదల్లేదు.

"బతికుంటే వాడికేం లమస్సీ అక్కా, ఎక్కడో బీరు తాగుతూ హాయిగా ఉంటాడు. పోయుంటేనో? ఆరేళ్లుగా గుక్కెడు నీళ్లు పోసే దిక్కులేదు వాడికి."

దాని మొహం మీదే తలుపేశాను. నాకు తెలీదా ఆ మాట? పేరు పిలిస్తే వాణ్ణి నా చేతులతో నేనే చంపుకున్నట్టు. పిలవకపోతేనేమో, చిన్నప్పుడు దాహమేస్తే కుండ దించేదాకా కూడా ఆగలేని పిల్లాడు వాడు.

పొద్దు వాలాక గొట్టం దగ్గర కూర్చున్నాను. నాన్నను పిలిచి పోశాను, అమ్మను పిలిచి పోశాను. చెంబులో సగం మిగిలింది. నెలనెలా ఆ సగాన్ని పెరట్లో పారబోసేదాన్ని. ఈసారి చెయ్యి రాలేదు.

"ఎతిరూ, తాగు నాయనా. ఆలస్యం చేశాను."

నీళ్లు గడగడా కిందికి దిగిపోయాయి. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

లేవబోతూ చూస్తే చెంబు అడుగున ఇంకో గుక్క ఉంది. ఇక నాకు పోసేవాడు లేడు. ఇందాక నా నోటితోనే ఒప్పుకున్నాను కదా. హుషుతు తలుపు మూసే ఉంది. గొట్టం మీదకు వంగి, ఎవరికీ వినబడకుండా "లమస్సీ" అని పిలిచి, ఆ గుక్క కూడా పోసేశాను.