బనీను మీద పట్టీ

ఇటు దగ్గరకు రా బిడ్డా, చాప గుంజుకొని కూసో. మన సంగీత ముచ్చట చెప్తా.

గల్ఫు దేశంల రైసూత్ అనే ఊర్ల ఆమె మొగడు ఓంకార్‌కు కంపెనీ డ్యూటీ. పక్క రూముల ఉండే ఎనిమిది మంది పనోళ్ళకు రెండు పూటల వంట సంగీతదే. "ఇంట్ల ఊకెనే ఉంటది, వండితే ఏంబోయింది" అని మొగడే ఒప్పుకున్నడు, ఆమెను అడిగింది లేదు. అన్నం గంజు ఎత్తి దించి, ఎత్తి దించి నడుము పట్టేసింది. ఓంకార్ మందుల దుకాణంల నొప్పికి అంటించే వేడి పట్టీల డబ్బా తెచ్చిండు. ఆమెకు అక్షరం రాదు. ఎట్ల వేసుకోవాలె అని అడిగితే, ఒట్టి తోలు మీద అంటించు, పండుకున్నా తియ్యకు అన్నడు. పెండ్లయిన పదకొండేండ్లల్ల ఆమె నొప్పికోసం ఆయన దుకాణం మెట్లెక్కుడు అదే మొదలు. ఆ సంబురంల చురుక్కుమంటున్నా ఓర్చుకున్నది, మంట గూడ మంచికే అనుకున్నది పిచ్చిది.

మూడో దినం నడుము మీద బొబ్బలు లేచినయి. పక్కింటి వజీరున్నీసా చూసి, పట్టీ పీకించి, చన్నీళ్ళ గుడ్డ వేసింది. తోలు మానేదాక ఇంక పట్టీ ముట్టొద్దని గట్టిగ చెప్పింది. అప్పుడు గూడ సంగీత మొగని మీద మాట పడనియ్యలే. పాపం, తెల్వక చెప్పిండు అన్నది.

శుక్రవారం సెలవునాడు ఓంకార్‌కే నడుము పట్టింది. సంగీత చాయ్ పట్టుకొని తలుపుకాడ నిలవడ్డది. ఆయన పట్టీని బనీను మీద అంటించుకున్నడు. గడియారం చూసుకున్నడు. నడుమ నడుమ బనీను లేపి తోలు తడిమి చూసుకున్నడు. పగటి నిద్రకు ఒరిగే ముందు పీకి పక్కకు పెట్టిండు.

"గిట్ల వేసుకోవాలెనని నీకు ఎవలు చెప్పిన్రు?"

"డబ్బా మీదనే రాసుంది గదా."

"మరి నాకు?"

"గట్టిగ వేడి తగిలితే జల్ది లేస్తవని చెప్పిన. నువ్వు మంచాన పడితే ఎనిమిది మందికి ఎవలు వండాలె?"

ఆమె ఏడ్వలే. చదివినంక గూడ అట్ల చెప్పిండన్న మాట ఒక్కటే మనసుల నాటుకున్నది. బొబ్బ మానుతది బిడ్డా, అది ఎట్ల మానుతది? చాయ్ గ్లాసు కింద పెట్టి, సక్కగ పక్క రూముకు పోయింది. పదకొండేండ్లల్ల మొగడు లేకుంట పరాయి మొగోళ్ళతోని మాట్లాడుడు అదే మొదలు. "అన్నా, రేపటిసంది మీ వంట నేను చెయ్య. ఎందుకో మా ఆయనను అడుగున్రి" అన్నది.

ఇది మతికుంచుకో బిడ్డా. పట్టీ బట్ట మీదనే వేసుకోవాలె, పండుకునేటప్పుడు తియ్యాలె, మండితే ఆ గడియనే పీకెయ్యాలె అని నీ తోటోళ్ళకు చెప్పు. సంగీత నడుము ఎట్ల కాలిందని ఎవలన్న అడిగితే మాత్రం, తెల్వక కాల్చుకున్నదని చెప్పకు. నమ్మి కాల్చుకున్నదని చెప్పు.